ఏడో గడి

రిటైర్మెంటుకు ఇంకా మూడేళ్లు ఉన్నాయనగా, జూన్ మొదటి సోమవారం నాడు, రామగుండం వైపున్న ఒక ఏరియా వర్క్‌షాపులో అప్రెంటిస్ శిక్షణ విభాగం బాధ్యత నాకు అప్పగించారు. ఆర్డరులో నా హోదా ‘డిప్యూటీ మేనేజరు, శిక్షణ’ అని ఉంది. అంతకుముందు ముప్ఫై ఏళ్లు బొగ్గు గనుల మీద మెకానికల్ ఇంజినీరుగా పంపులతో, బొగ్గు తొట్లు లాగే హాలేజీ ఇంజన్లతో, కన్వేయర్ బెల్టులతో కాలం గడిపినవాణ్ణి. పిల్లలకు పని నేర్పించే కుర్చీ అంటే చివరి మూడేళ్లు నీడపట్టున కూర్చోవడమేనని అనుకుని సంతోషంగానే చేరాను.

ఏరియా వర్క్‌షాపు అంటే గనుల్లో చెడిపోయిన యంత్రాలను బాగుచేసి తిరిగి పంపే చోటు. అక్కడ ఐటీఐ పాసైన పిల్లలను ఏడాదిపాటు అప్రెంటిస్‌లుగా తీసుకుంటారు. పెద్ద సంస్థ ఏదైనా తన సిబ్బంది లెక్కను బట్టి ఇంతమందిని తీసుకుని తీరాలని చట్టం చెబుతుంది. ఏడాది పని నేర్పాలి, నెలనెలా స్టైపెండ్ ఇవ్వాలి, చివర పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇవ్వాలి. ఉద్యోగం మాత్రం ఇవ్వనక్కర్లేదు. ఇంత నిరుద్యోగం ఉన్నచోట నేర్చుకోవడానికి రమ్మంటే పిల్లలు ఎగబడి రారా అని బయటివాళ్లు అడుగుతుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. ఫిట్టరు, ఎలక్ట్రీషియన్, వెల్డరు కలిపి మా దగ్గర ముప్ఫై సీట్లు. నేను చేరిన రోజు హాజరుపట్టీలో ఉన్నవి తొమ్మిది పేర్లు.

మొదటి సమీక్షలోనే జనరల్ మేనేజరు గారు సంగతి తేల్చి చెప్పారు. సెప్టెంబరు ఆఖరుకు సీట్లు నిండకపోతే శిక్షకులతో, లేత్ మిషన్లతో సహా మా విభాగాన్ని మందమర్రికి పంపేస్తారు. మందమర్రి వర్క్‌షాపులో నలభై సీట్లూ ఏటా నిండుతాయట, ఖాళీ కోసం ఎదురుచూసే పిల్లలు కూడా ఉంటారట. ఇంజినీరుగా పేరు తెచ్చుకున్నవాణ్ణి, ఆఖరి పోస్టులో విభాగం మూసేసిన ఆఫీసరుగా ఇంటికి పోవాలి. అంతకన్నా మింగుడుపడనిది ఇంకొకటి ఉంది. మందమర్రిలో శిక్షణ చూసేది ప్రభుదాస్.

ప్రభుదాస్ ఫోర్‌మన్. నేను ఆఫీసరును, అతను వేజ్ బోర్డు ఉద్యోగి, అంటే కార్మికుల వేతన ఒప్పందం కిందికి వచ్చేవాడు. హోదాలో నాకూ అతనికీ మధ్య నాలుగైదు మెట్లున్నాయి. మా పరిచయం మాత్రం చాలా పాతది. నేను ట్రెయినీ ఇంజినీరుగా వచ్చిన ఏడాది అతను అదే షెడ్డులో హెల్పరు. ఒక పెద్ద పంపు అదురుతుంటే నేను కాగితం మీద లెక్కలు వేసి, పంపూ మోటారూ ఒక వరుసలో లేవని తేల్చాను. అతను స్క్రూడ్రైవరు మొనను బేరింగు మీద ఆనించి, పిడికి చెవి పెట్టి విని, బేరింగు పోయిందన్నాడు. విప్పి చూస్తే బేరింగే పోయింది. సూపరింటెండెంటు గారు అందరి ముందూ నవ్వారు. ఆ నవ్వు నేను మర్చిపోలేదు.

తర్వాత ఎక్కడికి బదిలీ అయినా అతని పేరు నా వెనకే వచ్చేది. జనం అతన్ని ‘దాసన్న’ అని పిలిచేవారు. నన్ను ‘సార్’ అని పిలిచి, నేను వెళ్లిపోయేదాకా మాటలు ఆపేవారు. మా నాన్న కృష్ణా జిల్లా నుంచి ఇక్కడికి ఆఫీసు గుమాస్తాగా వచ్చాడు. నేను గోదావరిఖనిలోనే పెరిగాను. అయినా అరవై ఏళ్లకు దగ్గరపడినా నన్ను ‘అన్న’ అన్నవాడు లేడు. అప్పట్లో ఈ బాధకు అసూయ అనే పేరు పెట్టుకోలేదు. క్రమశిక్షణ మీద పట్టింపు అనుకున్నాను. ఇప్పుడు పింఛను తీసుకుంటున్నాను కాబట్టి సరైన పేరుతో పిలవడానికి అడ్డేమీ లేదు.

సీట్లు నింపే పని పట్టుదలగానే మొదలుపెట్టాను. ఐటీఐలకు స్వయంగా వెళ్లి మాట్లాడాను. బస్టాండు దగ్గర బ్యానర్లు కట్టించాను. పాత దరఖాస్తు ఫారం చింతచెట్టు కింద పంచాయతీలా ఉందని కొత్తది తయారుచేశాను. పద్నాలుగు గడులు, ఒక్కటీ వృథా కాదు. ఏడో గడిలో, తండ్రి గాని తల్లి గాని కంపెనీ ఉద్యోగి అయితే వారి ఎంప్లాయీ కోడ్ నంబరు రాయాలి. పిల్లకో పిల్లవాడికో పనిలో దెబ్బ తగిలితే కంపెనీ దవాఖానాలో కాగితాలు తొందరగా కదులుతాయి. సీటుకు ఇద్దరు పోటీ పడితే కార్మికుల పిల్లలకు మొదటి అవకాశం ఇవ్వవచ్చు. కార్పొరేట్ ఆఫీసుకు ఆ ఫారం ఎంత నచ్చిందంటే, అన్ని ఏరియాల్లో ఇదే వాడాలని సర్క్యులర్ ఇచ్చారు. ఆ సర్క్యులర్ నకలు కొన్నాళ్లు నా సంచిలోనే తిరిగింది.

పిల్లలు వచ్చేవారు, ఫారం తీసుకునేవారు, ఇంట్లో అడిగి వస్తామని పోయేవారు. మళ్లీ కనబడేవారు కాదు. జులై ఆఖరుకు తిరిగొచ్చిన ఫారాలు పన్నెండు. అవన్నీ వ్యాపారుల ఇళ్లవి, చుట్టుపక్కల రైతుల ఇళ్లవి. కార్మికుల ఇంటి నుంచి ఒక్కటీ లేదు. అది వింతగా తోచాల్సింది, తోచలేదు. జీఎం గారికి పంపిన నివేదికలో కారణాలు ధారాళంగా రాశాను. మట్టి తీసే కాంట్రాక్టు కంపెనీలో లారీ మీద పనికి వెళ్తే మా స్టైపెండ్ కన్నా ఎక్కువ వస్తుంది. ఒకసారి అప్రెంటిస్ చేసినవాడు అదే ట్రేడులో మళ్లీ చేయకూడదు కాబట్టి, ఉద్యోగం ఖాయం కాని చోట ఆ ఒక్క అవకాశాన్ని వాడుకోవడానికి భయపడతారు. ఈ కాలం పిల్లలకు చేతికి గ్రీజు అంటకూడదు. మొదటి రెండూ నిజాలే. మూడోది ఆడలేక మద్దెల ఓడనడం. అయితే ఆ రెండు నిజాలూ మందమర్రికి కూడా వర్తిస్తాయి కదా, అక్కడెలా నిండాయని జీఎం గారు అడిగారు. కనుక్కుని చెబుతానన్నాను.

ఆగస్టులో మా క్లర్కు సమ్మయ్య ఒక కబురు తెచ్చాడు. సెంటినరీ కాలనీలో ఉండే స్రవంతి అనే అమ్మాయి, ఐటీఐ ఎలక్ట్రీషియన్, రోజూ మా గేటు ముందునుంచే బస్సులో వెళ్తుందట. గోదావరిఖనిలో దిగి, బస్సు మారి, గోదావరి దాటి, మందమర్రి వర్క్‌షాపుకు పోతుందట. మా దగ్గర ఎలక్ట్రీషియన్ సీట్లు ఏడు ఖాళీ. మర్నాడు పొద్దున నేను గేటు దగ్గర నిలబడి ఆ బస్సు పోవడం చూశాను. నా కళ్లలో ఎవరో కారం కొట్టినట్టయింది.

ఆ రోజే కార్పొరేట్ ఆఫీసుకు రహస్య నోటు పంపాను. శిక్షణ తర్వాత ఉద్యోగం ఖాయమని ఆశపెట్టి మందమర్రిలో అభ్యర్థులను ఆకర్షిస్తున్నట్టు ‘తెలియవచ్చింది’ అని రాశాను. ఎవరి ద్వారా తెలియవచ్చిందని అడిగితే చెప్పడానికి నాకు ఎవరూ లేరు. పది రోజుల్లో జవాబు వచ్చింది. మందమర్రి వెళ్లి రికార్డులు తనిఖీ చేసి నివేదిక ఇవ్వాలని నన్నే నియమించారు. ‘దొంగ, దొంగ’ అని అరిచినవాడికే దొంగను పట్టే పని అప్పగించారన్నమాట. నేను ఇస్త్రీ బట్టలు వేసుకుని బయల్దేరాను.

సెప్టెంబరు మొదటివారంలో ఒక పూటంతా ఆ షెడ్డులో తప్పు కోసం వెదికాను. హాజరుపట్టీ సరిగానే ఉంది. ప్రతి అప్రెంటిసూ రోజూ చేసిన పని రాసే డైరీల్లో ఎక్కడా ఖాళీ పేజీ లేదు. స్రవంతి ఒక మోటారు ముందు కూర్చుని, వైండింగు ఇన్సులేషన్ నిలుస్తుందో లేదో మెగ్గరుతో పరీక్షిస్తోంది. నీకు ఇక్కడ ఉద్యోగం ఇస్తామని ఎవరన్నారని ఆమెను అడిగాను. ఆమె చేతిలో పని ఆపకుండానే, ఉద్యోగం రాదని మొదటి దినమే చెప్పారని, వాళ్ల అమ్మను పిలిపించి ఆ మాట రాసిన కాగితం మీద సంతకం కూడా పెట్టించుకున్నారని చెప్పింది. ప్రభుదాస్ ఆ కాగితాల కట్ట తెచ్చి ముందు పెట్టాడు. నలభై సంతకాలు, వాటిలో సగం వేలిముద్రలు. నా ఆరోపణ అక్కడితో కూలిపోయింది.

తర్వాత దరఖాస్తుల ఫైలు తెరిచాను. తప్పు దొరికింది. ప్రతి ఫారంలోనూ ఏడో గడిని స్కేలు పెట్టి ఎర్ర సిరాతో అడ్డంగా కొట్టేసి ఉంది. నింపినవాళ్లు కొట్టేసింది కాదు, ఇచ్చేముందే ఆఫీసులో కొట్టేసింది. సర్క్యులర్ ప్రకారం ఆమోదం పొందిన ఫారాన్ని ఒక ఫోర్‌మన్ మార్చడానికి వీల్లేదు. నాకు కలిగిన సంతోషం ముఖంలో కనబడకుండా ఉండాలని కళ్లజోడు తుడుచుకుంటూ, ఇదేమిటని అడిగాను.

“ఆ గడి ఉంటే ఫారం ఇల్లు దాటి రాదు సార్,” అన్నాడు ప్రభుదాస్. “ఈడ అయ్య నంబరు ఒక్కసారే రాస్తరు. ఆయన అన్‌ఫిట్ అయిననాడు, కొడుకు నౌకరి కోసం.”

ఈ ముక్కను గని ప్రాంతం తెలియనివారికి విడమరిచి చెప్పాలి. గనిలో పనిచేసే మనిషి ఆరోగ్యం చెడితే మెడికల్ బోర్డు ముందుకు వెళ్తాడు. పనికి పనికిరాడని బోర్డు తేలిస్తే అతని బదులు కుటుంబంలో ఒకరికి ఉద్యోగం వస్తుంది. ఒక నంబరుకు ఒకే ఉద్యోగం. ఊపిరి పట్టేసి, మోకాళ్లు అరిగి కూడా ఆ రోజు కోసమే పళ్లబిగువున డ్యూటీ చేసే తండ్రులు ప్రతి వరుస క్వార్టర్లలోనూ ఉంటారు. ఆ నంబరు పక్కన కంపెనీ కాగితం మీద ఒక బిడ్డ పేరు పడిందంటే, ఆ నంబరు వాడుకున్నట్టే లెక్క అని జనం నమ్మకం. నిబంధనల్లో అలాంటిదేమీ లేదు. అప్రెంటిస్‌షిప్పుకూ ఆ ఉద్యోగానికీ సంబంధమే లేదు. ఆ సంగతి ప్రభుదాస్ కూడా వాళ్లకు చెప్పి చూశాడట. దాసన్న చెప్పాడని ఉన్న నౌకరి పోగొట్టుకుంటామా అన్నారట. అతని సొంత ఉద్యోగం వాళ్ల నాన్న నంబరు మీద వచ్చిందే. నా ఉద్యోగం ఇంటర్వ్యూలో వచ్చింది. కోడ్ నంబరు నాకు జీతం చీటీ మీది అంకె మాత్రమే.

ఈ మాట నాకు ఎందుకు తెలియజేయలేదని గట్టిగా అడిగాను. జులైలోనే ఉత్తరం రాశానని, జవాబు రాలేదని అతను నెమ్మదిగా చెప్పాడు. నిజమే. ఆ కవరు నా ట్రేలో ఉంది. పంపినవారి పేరు చూసి, నిండిన సీట్ల గొప్ప చెప్పుకోవడానికి రాసి ఉంటాడని, విప్పకుండా అడుగుకు తోశాను.

అతని మాటొక్కటే నమ్మి ఊరుకోవడం ఇష్టంలేక, ఆదివారం నాడు సెంటినరీ కాలనీకి వెళ్లి స్రవంతి ఇల్లు వెతికాను. తండ్రి రాజయ్య డ్యూటీకి పోయాడు. తల్లి లచ్చమ్మ కుర్చీ వేసి, చాయ్ ఇచ్చి, గడప దగ్గర నిలబడింది. ఆమెకు ఇద్దరు పిల్లలు. స్రవంతి చిన్నది, పైన అన్న ఉన్నాడు. రాజయ్యకు దగ్గు ఏళ్లుగా ఉంది, ఇంకా బోర్డుకు పోలేదు. మా వర్క్‌షాపు ఫారం ఆ ఇంటికి వచ్చిందట. ఆమె చదివించుకుని విని, మడిచి బియ్యం డబ్బా మీద పెట్టిందట.

“నంబరు రాస్తే పిలగాని నౌకరి పోతది సారూ,” అంది. “రాయకుంటే బిడ్డ చదువు ఆగుతది. దాసన్న తాన నంబరు అడగలె. దూరమైనా ఆడికే తోలిన.”

నంబరు రాసినా ఏమీ కాదని, ఆ ఫారం చేసింది నేనేనని చెప్పాను. ఆమె మర్యాదగా తలూపింది. నన్ను నమ్మలేదని ఆ తలూపడంలోనే తెలిసింది. కొడుకు బతుకు ఒకవైపు, బిడ్డ చేతిపని ఒకవైపు పెట్టి నా పద్నాలుగు గడుల కాగితం ఆమెను ఏది కావాలో తేల్చుకోమంది. చాయ్ తాగి వచ్చేశాను.

అంటే నివేదిక రాయడానికి కూర్చునేసరికి నాకు అంతా తెలుసు. ఇంకొకటి కూడా తెలుసు. ప్రభుదాస్ అంతకు నెలముందే ఆఫీసరు గ్రేడు ప్రమోషన్ ఇంటర్వ్యూకు వెళ్లి వచ్చాడు. బాగా చేశాడని విన్నాను. మరుసటి ఏడాది డిసెంబరులో అతని రిటైర్మెంటు కాబట్టి అదే ఆఖరి అవకాశం. వస్తే చివరి ఏడాది అతను నా పక్క కుర్చీలో, సమానంగా కూర్చుంటాడు. అతనికి జనమూ ఉంటారు, కుర్చీ కూడా ఉంటుంది.

నివేదికలో అబద్ధం ఒక్కటీ రాయలేదు. ఉద్యోగం ఆశ చూపుతున్నారన్న ఆరోపణ రుజువు కాలేదని రాశాను. ‘అయితే, ఆమోదిత ఫారంలో అనుమతి లేకుండా మార్పు చేసినట్టు గమనించడమైనది’ అని ముగించాను. ఎందుకు మార్చాడో రాయలేదు. జులై ఉత్తరం ఊసు ఎత్తలేదు. లచ్చమ్మ ఇంటికి వెళ్లినట్టే లేదు. సంతకం చేసి కవరు అంటించి, నేనే వెళ్లి టపాలో వేశాను.

నెలలోపు ప్రభుదాస్‌కు చార్జిషీటు వచ్చింది. క్రమశిక్షణ కేసు నడుస్తున్న ఉద్యోగి ప్రమోషన్ ఫలితాన్ని తెరవకుండా కవరులో పెట్టి సీలు వేస్తారు. కేసు తేలాకే తీస్తారు. అతనిదీ అలాగే సీలు వేశారు. ఇకపై ఆమోదించిన ఫారమే, ఏ గడీ కొట్టేయకుండా వాడాలని మందమర్రికి ఆదేశం వెళ్లింది. మందమర్రిలో కేసు నడుస్తోందని మా విభాగం బదిలీని ఏడాది ముగిసేదాకా వాయిదా వేశారు.

మరుసటి జూన్‌లో కొత్త బ్యాచి. మందమర్రిలో నలభై సీట్లకు ఆరుగురు చేరారు. మా దగ్గర ఎనిమిది మంది. ముప్ఫై ఏళ్లలో మొదటిసారి నా అంకె అతని అంకె కన్నా పెద్దది. ఆ మధ్యాహ్నం అన్నం నాకు బాగా సహించింది. ఇక మందమర్రి కూడా ఖాళీయే కాబట్టి విభాగాన్ని అక్కడికి పంపే మాట ఎవరూ ఎత్తలేదు. కార్మికుల పిల్లలు ఏటా చేరే అన్ని చోట్లా కలిపి పదుల కొద్దీ సీట్లు ఖాళీగా పోయాయి. నా కుర్చీ మాత్రం కదల్లేదు.

జులైలో ప్రభుదాస్ నా ఆఫీసుకు వచ్చాడు. కూర్చోమన్నాక కూర్చున్నాడు. కేసు గురించి మాట్లాడతాడని, తిట్టడమో బతిమాలడమో చేస్తాడని ఎదురుచూశాను. గుమ్మడికాయల దొంగలా నేనే భుజాలు తడుముకుంటూ, ఆ వ్యవహారం పైవాళ్లదని ముందే అనేశాను. అతను దాని జోలికే పోలేదు. ఒక తెల్లకాగితం తీసి బల్ల మీద పెట్టాడు. ఏడో గడి తీసేయాలని, ఎందుకు తీయాలో ఆరు వాక్యాల్లో రాసిన నోటు. కింద సంతకం చోటు ఖాళీగా ఉంది.

“నా పేరుంటే ఈ కాయితం ఆడ్నే ఆగుతది సార్, నా మీద కేసున్నది గద,” అన్నాడు. “మీ పేరు మీద పంపుండ్రి. ఒక బ్యాచి పోయింది. ఇంకోటి పోతే ఆ పిల్లలకు వయసు దాటుతది.”

అతను ఉదారంగా మాట్లాడలేదు. ఫైలు ఎలా కదులుతుందో లెక్క వేసుకుని మాట్లాడాడు. బేరింగుకు చెవి పెట్టి విన్న మనిషే. నా పేరు మీద పంపితే పని జరుగుతుంది, అతని పేరు మీద పంపితే జరగదు, అంతే. నేను తిట్టించుకోవడానికి సిద్ధమై కూర్చున్నాను. తిట్టి ఉంటే నాకు తేలికయ్యేది. అతను చాయ్ కూడా తాగకుండా, బస్సు టైమైందని లేచాడు.

సంతకం చేసి పంపాను. పదిహేను రోజుల్లో ఏడో గడి లేని ఫారం అన్ని ఏరియాలకూ వచ్చింది. ఆలస్యమైన బ్యాచికి మళ్లీ దరఖాస్తులు పిలిచారు. మందమర్రి నెలలో నిండింది. మా దగ్గర ఇరవై రెండు నిండాయి. మిగిలిన ఎనిమిది ఎప్పుడూ నిండలేదు. వాటికి తక్కువ స్టైపెండూ, మట్టి కాంట్రాక్టు లారీలూ కారణం, వాటిని ఏ ఫారమూ మార్చలేదు. తర్వాత జరిగిన ఒక సభలో, కార్మిక కుటుంబాల మనసు తెలుసుకుని విధానం మార్చిన అధికారిగా నాకు అభినందన పత్రం ఇచ్చారు. ఫోర్‌మన్ల వరుసలో కూర్చున్న ప్రభుదాస్ చప్పట్లు కొట్టాడు. ఆ చప్పట్లలోనైనా తప్పు దొరుకుతుందేమోనని చూశాను. దొరకలేదు. అతని పేరు నేను మైకులో చెప్పలేదు.

నవంబరులో అతని కేసును హెచ్చరికతో ముగించారు. హెచ్చరిక కూడా శిక్ష కిందే లెక్క కాబట్టి సీలు వేసిన కవరు తెరిచి ప్రయోజనం లేకపోయింది. డిసెంబరులో ఫోర్‌మన్‌గానే రిటైరయ్యాడు. వీడ్కోలుకు షెడ్డు పట్టనంత జనం వచ్చారని సమ్మయ్య చెప్పాడు. నేను వెళ్లలేదు. జ్వరమని కబురు పంపాను. జ్వరం లేదు.

అప్రెంటిస్ సీట్లు ఎందుకు నిండవని ఇప్పటికీ కొందరు యువ ఆఫీసర్లు నన్ను అడుగుతుంటారు. స్టైపెండ్ గురించీ, ఖాయం కాని ఉద్యోగం గురించీ చెబుతాను. చేరినవాళ్లను అడిగితే ఏమీ తెలియదని, ఫారం తీసుకుని తిరిగిరానివాళ్ల ఇళ్లకు వెళ్లి గడప దగ్గర అడగాలని చెబుతాను. పక్క వర్క్‌షాపు నిండుతుంటే అక్కడ ఏం ఆశపెడుతున్నారో కాదు, ఏం అడగకుండా వదిలేస్తున్నారో చూడమంటాను. ఇది ఉపయోగపడే పాఠమే, రాసుకుంటారు. దీన్ని నేర్చుకోవడానికి ఒక ప్రమోషన్ ఖర్చయిందని వాళ్లకు చెప్పను. ఖర్చయింది నాది కాదు.